అంటని పూతలు

హైదరాబాదునకు ఉత్తరదిశను, నాగపూరు పోవు జాతీయ రహదారి మీద మేడ్చలును, కరీంనగరు పోవు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేటయును గలవు. ఒకప్పుడు ఈ రెండు దారుల నడుమనున్న ఎఱ్ఱనేలలు ద్రాక్షపందిళ్ళకు పేరుపడినవి. నేడు అవే నేలలలో, బిడ్డ పుట్టిన దినము మొదలుకొని వేయింపవలసిన టీకాలలో అనేకములు తయారై దేశదేశములకు పోవుచున్నవి. కె. ఐ. వరప్రసాద్ రెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, కామెర్ల వైరసు పైపొరలోని ప్రోటీనును ఈస్టు కణములచేత చేయించి, మన దేశమున తయారైన తొలి జన్యుసంయోజిత హెపటైటిస్-బి టీకాను 1997 ఆగస్టులో వెలువరించినది. దాని కర్మాగారము మేడ్చలు చెంతనున్న అత్వెల్లిలో వెలసినది. 1996లో ఆరంభమైన భారత్ బయోటెక్ శామీర్‌పేట దగ్గరి తుర్కపల్లిలోను, 1953 నాటి పాత సంస్థయైన బయలాజికల్ ఇ వారి కర్మాగార మొకటి కొల్తూరులోను ఉన్నవి. ఈ ప్రాంతమంతటికిని జీనోమ్ వ్యాలీ అను పేరు స్థిరపడిపోయినది.

ఈ పరిశ్రమ లోపలి వ్యవహారమంతయు ఒక్క చిన్న విషయము మీద నడచుచున్నదనిన కొంత అతిశయోక్తి యగును గాని అబద్ధము మాత్రము కాదు. ప్రోటీను అను పదార్థము లోహపు ఆక్సైడుల ఉపరితలమునకు అంటుకొనును: అంతే ఆ విషయము. టీకా సీసాలో ఆ అంటుకొనుటయే కావలెను. ఉక్కు తొట్టి గోడ మీదను, రక్తమును పరీక్షించు పలక మీదను, రోగి దేహములో అమర్చిన టైటానియము మీదను ఆ అంటుకొనుటయే వలదు. అంటకుండ జేయుటకు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయములలో మిక్కిలి సొగసైనది పాలిమర్ పూత. ఈ వ్యాసమునకు విషయ మదియే అయినను, అంటుట ఎట్లో తెలియనిదే అంటకుండుట తెలియదు గనుక, ముందుగా సీసాను చూతము.

హెపటైటిస్-బి టీకా సీసాను కదల్పక కొంతసేపు నిలిపినచో అడుగున తెల్లని మడ్డి దిగి పైన నీరు తేటపడును. ఊపగానే అంతయు మరల కలిసి తెల్లబారును. ఆ తెలుపు టీకా మందుది కాదు, అల్యూమినియం హైడ్రాక్సైడు జెల్లుది. 1926లో ఇంగ్లండున అలెగ్జాండర్ గ్లెన్నీయు ఆయన సహచరులును, కంఠసర్పి వ్యాధికి టీకాగా వాడు పదార్థమును పటికతో కలిపి మడ్డిగా దింపి సూదివేసినచో దేహము ఎక్కువ బలముగా స్పందించునని కనిపెట్టిరి. ఆ పటిక మన పల్లెలలో బురదనీటిని తేర్చుటకు కడవలో త్రిప్పెడి పటికయే. నేడు వాడు జెల్లును పరీక్షించి చూడగా, అది పేరునకు హైడ్రాక్సైడే కాని నిజమునకు అల్యూమినియము యొక్క ఆక్సీహైడ్రాక్సైడు అనియు, అతిసూక్ష్మమైన నారపోగులుగా నుండుటచేత ఒక్క గ్రాము జెల్లునకు సుమారు 500 చదరపు మీటర్ల ఉపరితలము, అనగా మన తెలంగాణా లెక్కలో దాదాపు ఐదు గుంటల నేల, కలదనియు తేలినది. ఆ ఐదు గుంటల మీద ప్రోటీను పరచుకొని కూర్చుండును. కామెర్ల వైరసు పైపొర విషయమున ఈ పట్టు మరింత గట్టిది: ఆ పొరలోని కొవ్వు అణువులకు ఫాస్ఫేటు తలలుండును, అవి జెల్లు మీది హైడ్రాక్సిల్ సమూహములను తొలగించి ఆ చోటులను తామే ఆక్రమించి, అల్యూమినియముతో నేరుగా బంధము కట్టుకొనును. జెల్లును ముందే ఫాస్ఫేటు ద్రావణములో నానబెట్టినచో ఆ చోటులు నిండిపోయి టీకా పదార్థమునకు పట్టు చిక్కదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు ముందు దీనితో పని కలదు.

ఆరోగ్యకార్యకర్తలు ఈ టీకాను గడ్డకట్టనీయరాదని అంతగా జాగ్రత్తపడుట కూడ ఈ జెల్లు కొఱకే. ఒకసారి గడ్డకట్టి కరిగినచో పోగులన్నియు ఒకదానితో నొకటి చేరి ముద్దలుగా మారును, టీకా బలము తగ్గును. గడ్డకట్టినదని సందేహము తోచిన సీసాను, కావలెనని గడ్డకట్టించి కరిగించిన మరియొక సీసాతోపాటు ఊపి, రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచెదరు. సందేహపు సీసాలోని మడ్డియు గడ్డకట్టించిన దానివలెనే వడివడిగా దిగిపోయినచో దానిని పారవేయుదురు. కంటితో చూచి ఉపరితల రసాయనశాస్త్రమున తీర్పు చెప్పగల పరీక్ష ఇంతకు మించినది నాకు తెలియదు. కోవిడ్ టీకాలైన తుర్కపల్లి కోవాగ్జిన్‌లోను, 2021 డిసెంబరులో అనుమతి పొందిన బయలాజికల్ ఇ వారి కార్బెవాక్స్‌లోను గూడ ఈ అల్యూమినియం జెల్లే ఆధారము. మొదటి దానిలో రోగనిరోధకశక్తిని ప్రేరేపించు ఒక చిన్న అణువును సయితము ఈ జెల్లునకే అంటించి పంపిరి.

ఇక సీసాను విడిచి తొట్టి వద్దకు వత్తము. ఈస్టును, బాక్టీరియాను పెంచు పెద్ద తొట్లను 316ఎల్ అను తుప్పుపట్టని ఉక్కుతో చేయుదురు. అందు క్రోమియము నూటికి 16 నుండి 18 వంతులు, నికెల్ 10 నుండి 14 వంతులు, మాలిబ్డినము 2 నుండి 3 వంతులు ఉండును. తుప్పుపట్టకపోవుటకు కారణము లోహము యొక్క స్వభావశుద్ధి కాదు. క్రోమియము గాలి సోకిన తక్షణమే ఆమ్లజనితో కలిసి, ఒకటి నుండి మూడు నానోమీటర్ల మందము గల ఆక్సైడు పొరగా పైన పరచుకొనును, గీత పడినచో తానే మరల పూడ్చుకొనును. టైటానియమును, అల్యూమినియమును ఇట్టివే. కనుక మనము లోహమని చేతితో తాకుచున్నది, ద్రవము తడుపుచున్నది, రక్తము ఒరసికొని పోవుచున్నది యథార్థమునకు లోహము కానే కాదు. దాని మీది ఆక్సైడు.

ఈ ఆక్సైడు పొర నీట మునిగినప్పుడు దాని ముఖము నిండ హైడ్రాక్సిల్ సమూహములు మొలచును. చుట్టునున్న నీటి ఆమ్లత్వమును బట్టి అవి ప్రోటానును పుచ్చుకొనియో విడిచిపెట్టియో ధనావేశమునో ఋణావేశమునో పొందును. ఆవేశము సున్న యగు పీహెచ్ ఒక్కొక్క ఆక్సైడునకు ఒక్కొక్కటి: సిలికాకు సుమారు 2, టైటానియం ఆక్సైడునకు 6కు అటునిటుగా, అల్యూమినాకు 9 ప్రాంతమున. రక్తపు పీహెచ్ 7.4 వద్ద గాజును టైటానియమును ఋణావేశముతో నుండగా, అల్యూమినా జాతి ధనావేశముతో నుండును. మన టీకా జెల్లు 11 దాటువఱకు ధనావేశమును విడువదు. ప్రోటీనులలో రెండు జాతుల ఆవేశములును, నీటిని ప్రేమించు తావులును, నీటిని సహింపని తావులును కలగలిసి యుండుటచేత, ఏ ఆక్సైడు ఎదురైనను అందు పట్టుకొనుటకు వాటి కేదో యొక అంచు దొరకును. దొరకిన పిమ్మట తమ మడతలను కొంత విప్పుకొని మరింత వెడల్పుగా అతుకుకొనును. అప్పుడు కడిగినను రావు.

ఈ అంటుటలో ఒక వరుస కలదని నిరూపించినవాడు లియో వ్రోమన్. ఈయన హాలండున 1915లో జన్మించి, యుద్ధానంతరము అమెరికా చేరి రక్తశాస్త్రజ్ఞుడైనవాడు. డచ్చి భాషలో పేరుగన్న కవి గూడను. ఆక్సైడు కట్టిన లోహపు పలకల మీద రక్తపు ద్రవమును ఉంచి, ఆక్సైడు పొర మందమును బట్టి కనబడు రంగులలోని మార్పుల ద్వారమున ప్రోటీను పొర ఎంత మందమో, ఏ క్షణమున ఏ ప్రోటీను ఉన్నదో కనిపెట్టుచు వచ్చెను. రాశిగాను చిన్నవిగాను నుండు ఆల్బుమిన్ వంటివి ముందుగా వచ్చి కూర్చుండును. తరువాత రక్తము గడ్డకట్టుటకు మూలమైన ఫైబ్రినోజెన్ వచ్చి వాటిని తొలగించును. కొన్ని నిమిషములలో ఆ ఫైబ్రినోజెన్‌ను ఇంకను బలమైన పట్టు గల ప్రోటీను లేవగొట్టును. ఈ తంతుకు వ్రోమన్ ప్రభావమను పేరు నిలిచినది. వైద్యమున దీని ఫలితము సామాన్యమైనది కాదు. ఫైబ్రినోజెన్ అంటిన చోటికి రక్తఫలకికలు వచ్చి అతుకుకొనును, గడ్డ మొదలగును.

బాక్టీరియా గూడ ఈ ప్రోటీను పొరనే ఆసనముగా చేసికొనును. మొదట ఒకటి రెండు తేలివచ్చి పట్టుకొనును. పిదప తమ చుట్టు చక్కెరల జిగురును విసర్జించి అందులో కాపురముండును. శామీర్‌పేట చెఱువు తూము రాళ్ళ మీద కాలుజారజేయు పాచియు, ఉదయమున పళ్ళ మీద నాలుకకు తగులు పాచియు, మూత్రనాళమున ఉంచిన గొట్టము లోపలి జిగురును ఈ జాతివే. ఈ పాచి లోపల నున్న బాక్టీరియా నీటిలో విడివిడిగా తిరుగు వాటికంటె మందులను ఎన్నో రెట్లు ఎక్కువగా తట్టుకొనును.

టీకా కర్మాగారములు ఈ పాచితో ఎట్లు పోరాడుచున్నవో కొంచెము నిదానముగా చూడవలెను. ఎందుకనగా పాలిమర్ పూతలకు ఎక్కడ చోటున్నదో, ఎక్కడ లేదో తెలియుట అక్కడనే. తొట్టి ఖాళీకాగానే వేడి కాస్టిక్ సోడా నీరు, ఆపై ఆమ్లము, ఆపై మిక్కిలి శుద్ధమైన నీరు గొట్టముల వెంట తిరుగును. దీనిని పనివారు సీఐపీ అందురు. పిదప 121 డిగ్రీల ఆవిరి పట్టింతురు, అది ఎస్ఐపీ. ఈ రెంటిలో మొదటిది తప్పిపోయి రెండవది మాత్రమే జరిగినచో కలుగు అనర్థమును సామాన్యముగా ఎవరును ఊహింపరు. ఆవిరి చంపును గాని కడుగదు. చచ్చిన కణములు, ఉడికి గట్టిపడిన ప్రోటీను గోడకే అతుకుకొనియుండి, తరువాతి విడత సూక్ష్మజీవులకు సిద్ధమైన నేలగా పనికివచ్చును. అందుచేతనే ఉక్కు గోడను విద్యుత్తు సాయముతో అద్దమువలె నునుపు చేసి, నత్రికామ్లముతోనో నిమ్మామ్లముతోనో కడిగి క్రోమియం ఆక్సైడు పొరను బలపఱచి, పాచికి పట్టు దొరకు గుంటలే లేకుండ జేయుదురు. పాలిమర్ పూతను ఇక్కడ ఎవరును వేయరు. వేడి కాస్టిక్ ముందు అది నిలువదు సరికదా, ఊడిన పూత టీకాలో కలియుట మరింత ప్రమాదము. ఇటీవల పెక్కు చోట్ల ఉక్కునే మానుకొని, ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ సంచులలో కణములను పెంచుచున్నారు. పూతను గూర్చిన వ్యాసములో పూత పనికిరాని చోటును ఇంతగా చెప్పనేల యందురేమో. ప్రతి తొట్టికి, ప్రతి ఓడకు, ప్రతి ఎముకకు ఇదియే మందని వ్రాయు ప్రచారపత్రములు లోకమున కొల్లలు గనుక చెప్పవలసివచ్చినది.

పూతకు నిజమైన చోటు వేఱు. ఒక చుక్క రక్తరసములో ఒకానొక ప్రతిదేహము ఎంత యున్నదో కొలువవలసిన చిన్న ఆక్సైడు పలక యొకటి. కాస్టిక్ పట్టింప వీలులేని, ఆవిరి పెట్టి మరల తీయ వీలులేని మానవదేహములోని లోహ మింకొకటి. మొదటి దానిలో, వెదకుచున్న ప్రతిదేహము కొలదిగా నుండును. దానిచుట్టు అనవసరమైన ప్రోటీనులు వేల రెట్లుండును. అవన్నియు పలక మీద పడినచో అసలు సంకేతము మునిగిపోవును. టీకా పనిచేసినదో లేదో చెప్పు పరీక్షలన్నియు ఈ అనవసరపు అంటుడును అడ్డుకొను నేర్పు మీదనే ఆధారపడియున్నవి.

అడ్డుకొను పాలిమర్లలో ఆదిపురుషుడు పాలీఇథిలీన్ గ్లైకాల్. పీఈజీ యని పొట్టిగా పిలుతురు. మలబద్ధకమునకు నీటిలో కలుపుకొని త్రాగు పొడులలోను, లేపనములలోను ఉండునది ఇదియే. విషము కాదు, నీటిలో చక్కగ కరుగును. దీని పొడవైన గొలుసులను ఒక కొనతో ఉపరితలమునకు నాటి, రెండవ కొనను నీటిలోనికి విడిచినచో, వరినారుమడిలో మొలకలు ఒత్తుగా నిలిచినట్లు నిలుచును. మడి పలుచనైనచో కలుపు దూరినట్లే, గొలుసులు దూరదూరముగా నుండి ఒక్కొక్కటి ముడుచుకొని కూర్చున్నచో నడుమ నడుమ ప్రోటీను దూరును. ఒత్తుగా నుండి ఒకదాని నొకటి నెట్టుకొని నిటారుగా లేచినప్పుడే అడ్డు పూర్తియగును. ప్రోటీను క్రిందికి దిగవలెననిన ఈ గొలుసులను అణచవలెను. అణగిన గొలుసులు తమ కదలికల స్వేచ్ఛను కోల్పోవును. వాటిని పట్టుకొనియున్న నీటి అణువులు వదలిపోవలెను. ఈ రెండును శక్తి ఖర్చుతో కూడిన పనులు. ఈ గొలుసుల లెక్కను ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు పియరీ-జిల్ ద జెన్, 1991లో నోబెల్ బహుమానము నందినవాడు, తన సహచరులతో ఆ సంవత్సరమే పరిష్కరించి చూపెను.

హార్వర్డులో జార్జి వైట్‌సైడ్స్ బృందము 2001లో ఈ ప్రశ్ననే వేఱొక మార్గమున పట్టుకొనినది. పీఈజీయే ఎందుకు? అంటనీయని ఉపరితలములన్నిటికిని సమానమైన లక్షణము లేమైన కలవా? పెక్కు రకముల రసాయన సమూహములను పలకల మీద నిలిపి, ప్రోటీనును పారించి చూడగా నాలుగు లక్షణములు తేలినవి: నీటిని ప్రేమించుట, హైడ్రోజన్ బంధమును స్వీకరింపగల పరమాణువు లుండుట, ఆ బంధమును ఇచ్చునవి లేకుండుట, మొత్తము మీద ఏ ఆవేశమును లేకుండుట. పుచ్చుకొనుట కలదు, ఇచ్చుట లేదన్నమాట! ఈ సూత్రమునకు మానిటాల్ అను చక్కెర జాతి అణువు ఎదురు నిలిచి, తాను ఇచ్చుచు గూడ ప్రోటీనును అంటనీయదని తేలుట శాస్త్రమునకు శోభయే. సూత్రముల కన్న ప్రకృతి పెద్దది.

ఇంతవఱకు గొలుసుల మాట. ఆ గొలుసులను ఆక్సైడునకు కట్టు ముడి మాట వచ్చుసరికి కథ కష్టమగుచున్నది. నా అభిప్రాయమున ఈ విద్య యొక్క మర్మమంతయు ఆ ముడిలోనే కలదు. పైనున్న గొలుసు ఎంత చక్కనిదైనను, కాలు ఊడిన తరువాత అది పూత కాదు, నీటిలో తేలు చెత్త.

జ్యూరిచ్ నగరపు ఈటీహెచ్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ హబ్బెల్, మార్కస్ టెక్స్టర్, నికొలస్ స్పెన్సర్ ప్రభృతులు 2000లో ప్రకటించిన ఉపాయము అత్యంత సులభము. లైసీన్ అను ఆమినో ఆమ్లపు గొలుసును వెన్నెముకగా తీసికొనిరి. దాని నిండ ధనావేశములే. ఆ వెన్నెముకకు అక్కడక్కడ పీఈజీ గొలుసులను అతికించిరి. ఈ వస్తువును నీటిలో కరిగించి, టైటానియం ఆక్సైడు పలకనో నియోబియం ఆక్సైడు పలకనో అందులో ముంచినచో, ఋణావేశము గల ఆక్సైడు ధనావేశపు వెన్నెముకను తనంతట తానే లాగుకొనును. గొలుసులు పైకి లేచి నిలుచును. కొలిమి లేదు, ద్రావకములు లేవు, ముంచి తీయుటయే పని. పూతలేని పలక మీద రక్తరసము చదరపు సెంటీమీటరునకు వందల నానోగ్రాముల ప్రోటీనును విడువగా, పూత గల పలక మీద కొద్ది నానోగ్రాములైనను నిలుపలేకపోయెను. ఆ గొలుసుల కొనలకు కణములను పిలుచు చిన్న పెప్టైడు నొకదానిని తగిలించినచో, కావలసిన కణము మాత్రమే వచ్చి కూర్చుండునట్లు గూడ చేయవచ్చును.

అయితే ఈ ముడి ఆవేశముల మీద ఆధారపడినది. ఆవేశములను చెఱచునది దేనినైనను అది సహింపదు. గాఢమైన ఉప్పునీట వదలును, ఆమ్లమున వదలును. అన్నిటికంటె ముఖ్యముగా, ఏడు పీహెచ్ వద్ద ధనావేశముతో నుండు అల్యూమినా మీదికి ఇది రానే రాదు. ఇక్కడ మన టీకా సీసా పాఠము పనికివచ్చును. అల్యూమినియము మీద వైరసు పొరను అంత గట్టిగా నిలిపినది ఆవేశము కాదు, ఫాస్ఫేటు కదా! ఆ ఎఱుకతోనే రసాయనజ్ఞులు ఫాస్ఫేటులను, వాటి బంధువులైన ఫాస్ఫోనేటులను పాలిమర్ గొలుసుల కాళ్ళకు తగిలించి అల్యూమినా, టైటానియా, జిర్కోనియాల మీద నాటుచున్నారు. సిలేనులు గాజు మీద చక్కగా నాటుకొనును గాని, వెచ్చని ఉప్పునీట, అనగా మన దేహములో, వాటి బంధము మెల్లమెల్లగా తెగిపోవును.

మరియొక ముడి సముద్రము నుండి దొరకినది. విశాఖపట్నపు ఓడరేవున 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రశాఖకు చెందిన పి. ఎన్. గణపతిగారు, ఎం. వి. లక్ష్మణరావు, ఆర్. నాగభూషణం గారలతో కలిసి, నీట మునిగిన వస్తువులకు ఏ ప్రాణులు ఏ ఋతువున వచ్చి అంటుకొనునో పరిశీలించి 1958లో ప్రకటించిరి. తెలుగు తీరమున పాచిని గూర్చి జరిగిన శాస్త్రీయ పరిశోధనలలో ఇది ముందుతరమునకు చెందినది. నేటివారు చాలమంది దీనిని మఱచిరి. ఓడల అడుగులను ఈ ప్రాణుల నుండి కాపాడుటకు ప్రపంచమంతటను చిరకాలము విషపు రంగులు పూసిరి. వాటిలో తగరము గల రంగు సముద్రజీవుల కంతటికిని హాని చేయుచున్నదని తేలి, అంతర్జాతీయ ఒడంబడిక 2001లో కుదిరి 2008లో అమలునకు వచ్చి దానిని నిషేధించినది.

ఆ ఓడల కంటుకొను ఆలిచిప్ప జాతి ప్రాణులలోనే, అలల దెబ్బలకు ఊడక రాతిని పట్టుకొను రహస్యమును హెర్బర్ట్ వెయిట్ వెదకెను. 1981లో ఆయన ప్రకటించిన దేమనగా, ఆ ప్రాణులు విడుచు నారల జిగురు ప్రోటీనులలో డోపా అను అసాధారణమైన ఆమినో ఆమ్లము విస్తారముగా నున్నది. ఇది కంపవాతమునకు మందుగా వాడునదే. మన దూలగొండి గింజలలో గూడ కలదు. డోపాలో ప్రక్కప్రక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహములుండుటచేత, టైటానియము, ఇనుము మొదలైన లోహముల ఆక్సైడును అవి రెండు ప్రక్కల నుండి పట్టుకొనును, నీటి నడుమనే పట్టుకొనును. ఫిలిప్ మెస్సర్‌స్మిత్ బృందము 2003లో ఈ డోపాను పీఈజీ గొలుసునకు కాలుగా అమర్చి టైటానియము మీద నాటినది. అంటుకొనుటలో ఆరితేరిన ప్రాణి నుండి అరువుదెచ్చుకొన్న జిగురుతో అంటనీయని పూతను కట్టుట ఎంత చమత్కారము!

ఈ జిగురునకును లోపము కలదు. గాలియు క్షారమును తగిలినచో డోపా నల్లబడి తన పట్టును పోగొట్టుకొనును. ఈ దోషమునే గుణముగా మార్చి, అదే బృందము 2007లో డోపమీనును పీహెచ్ 8.5 ద్రావణములో కరిగించి ఏ వస్తువును ముంచినను, అది ఒక దినములో 50 నానోమీటర్ల వఱకు నల్లని పొరగా పేరుకొనునని చూపినది. ఆ పొర మీద పాలిమర్ గొలుసులను నాటవచ్చును. ఇనుప ఆక్సైడు మీద మఱొక చిక్కు: పట్టు మరీ గట్టిదైన అణువు ఆక్సైడు నుండి ఇనుమునే ఊడదీసికొని నీటిలోనికి పోవును. కావున ఏ ఆక్సైడునకు ఏ ముడియో విచారింపక పూత వేయరాదు.

పీఈజీ గొలుసు సైతము శాశ్వతము కాదు. దేహములోను వెలుతురులోను ఆమ్లజని దానిని తెంపును, కొందఱి రక్తములో దానికి వ్యతిరేకముగా ప్రతిదేహములు పుట్టుటయు కనిపెట్టబడినది. అందుచేత చూపు మఱియొక జాతి వైపునకు మరలినది. జపానులో నొబువో నకబయాషి, కజుహికో ఇషిహారాలు మన కణముల పైపొరలో నున్న ఫాస్ఫోరిల్‌కోలిన్ అను తలను పాలిమర్ గొలుసునకు తగిలించిరి. అందు ధనావేశ మొకటి, ఋణావేశ మొకటి ప్రక్కప్రక్కనే యుండి మొత్తము సున్నయగును. నీటిని గాఢముగా పట్టుకొనును. రక్తమునకు అది తన కణమువలెనే తోచును. జపానులో తయారైన ఈవాహార్ట్ అను హృదయసహాయక పంపులో, రక్తము తగులు టైటానియము మీద ఈ పూతయే కలదు. ఈ జాతి పాలిమర్‌నే కొన్ని కోబాల్టు-క్రోమియము స్టెంటుల మీద మందును మోయు పొరగా వాడిరి.

స్టెంటు మాట వచ్చినది గనుక హైదరాబాదును తలపకుండ పోరాదు. 1990లలో హృద్రోగ నిపుణులు బి. సోమరాజుగారును, రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన ఎ. పి. జె. అబ్దుల్ కలాంగారును కలిసి, విదేశముల నుండి వచ్చు వాటికంటె చవుకగా స్టెంటును ఇక్కడనే రూపొందించిరి; కలాం-రాజు స్టెంటు అని దానికి పేరు. ఏ స్టెంటు నైనను ధమనిలో విప్పిన మఱుక్షణమున వ్రోమన్ చెప్పిన వరుసయంతయు దాని ఆక్సైడు మీద నడచును; అందుచేతనే రోగికి గడ్డకట్టనీయని మాత్రలు చాలకాలము ఈయవలసివచ్చును. ఎముకలో అమర్చు టైటానియము సంగతి ఇంతకంటె చిక్కుగలది. అక్కడ ఎముక అంటవలెను, బాక్టీరియా అంటరాదు. ముందు ఎవరు చేరిన స్థలము వారిది. ఏమియు అంటనీయని పూత వేసినచో ఎముకయు రాదు. పైని చెప్పిన పెప్టైడు కొనల పూత ఇక్కడనే అక్కఱకు వచ్చును.

ఈ విద్యను ఇప్పటి స్థితిలో చూచినచో నాకు తోచున దిది: గొలుసుల విషయమున తెలియవలసినది చాలవఱకు తెలిసినది, ముడుల విషయమున సగము తెలిసినది, కాలము విషయమున మిక్కిలి తక్కువ తెలిసినది. పరిశోధనపత్రములలో పూతలు గంటలతో పరీక్షింపబడుచున్నవి. రోగి దేహములో స్టెంటును కీలును సంవత్సరములుండవలెను. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతముల రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇందు చేయదగిన పని కలదు. దానికి పెద్ద యంత్రములు గూడ అవసరము లేదు. ఉక్కు, టైటానియము, అల్యూమినియము ముక్కలను సంపాదించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ముడితో పూత వేసి, దేహపు ఉష్ణోగ్రత గల ఉప్పునీట ఉంచి, వారము వారమును ప్రోటీను పట్టించి కొలిచినచో చాలును; ఓపికయే ముఖ్యమైన పరికరము. పూతలను గూర్చి వ్రాయువారు మొదటి గంట ఫలితముతోపాటు ముప్పదియవ దినపు ఫలితమును గూడ, అది ఎంత పేలవమైనదైనను, దాచక ప్రకటింతురు గాక.